హైకోర్టులో ఉద్యోగ వివాదం ఓడిపోయాక: రిట్ అప్పీలా, రివ్యూనా, సుప్రీంకోర్టు అనుమతా?

లేబర్ కోర్టులో గెలిచిన కేసును హైకోర్టు సింగిల్ జడ్జి ముందు పోగొట్టుకున్న కార్మికుడు, తీర్పు వచ్చిన సాయంత్రమే తన న్యాయవాదిని అడిగే మొదటి మాట సాధారణంగా 'ఇక సుప్రీంకోర్టుకేనా?' అన్నదే. ఓడిన బాధలో ఢిల్లీ దగ్గరగానే కనిపిస్తుంది. అయితే హైకోర్టు సింగిల్ జడ్జికీ సుప్రీంకోర్టుకూ నడుమ మరికొన్ని దారులున్నాయి, వాటిలో ఒక్కొక్కటి ఒక్కో రకం పొరపాటును సరిదిద్దడానికి ఏర్పడింది. తీర్పులో జరిగిన తప్పు ఏ రకానిదో తేల్చుకోకుండా దారి ఎంచుకున్నవారు కాలాన్నీ డబ్బునూ పోగొట్టుకోవడమే కాక, కొన్నిసార్లు తర్వాత దొరకగల అవకాశాన్ని కూడా తమ చేతులతోనే మూసుకుంటారు.

పోలిక స్పష్టంగా ఉండడానికి ఒకే ఊహాత్మక కేసును చివరిదాకా వెంటబెట్టుకుందాం. ఒక కర్మాగారంలో పద్నాలుగేళ్లు పనిచేసిన మెషీన్ ఆపరేటరును, స్టోర్సు సామాను గేటు దాటించాడన్న ఆరోపణపై, శాఖాపరమైన విచారణ జరిపి తొలగించారు. విచారణ సక్రమంగానే జరిగిందని లేబర్ కోర్టు ఒప్పుకుంది గానీ, ఆ సామానుతో అతనికి సంబంధం ఉందనడానికి ఆధారం చాలదని తేల్చి, పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లోని 11ఎ సెక్షన్ కింద తొలగింపును రద్దు చేసి, తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలనీ, సగం వెనుక జీతం (తొలగించిన కాలానికి రావలసిన జీతంలో సగం) ఇవ్వాలనీ అవార్డు, అంటే తన తీర్పు, ఇచ్చింది. యాజమాన్యం ఆ అవార్డును రద్దు చేయమని హైకోర్టులో రిట్ పిటిషన్ వేసింది. సింగిల్ జడ్జి అవార్డును కొట్టివేశారు.

ఇక్కడ ఒక వివరణ అవసరం. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమల్లోకి వచ్చింది, లేబర్ కోర్టుల స్థానంలో ఇద్దరు సభ్యుల పారిశ్రామిక ట్రిబ్యునళ్లను అది నిర్దేశించింది. అంతకుముందు వచ్చిన అవార్డులు 1947 నాటి చట్టం కింద పుట్టినవి కాబట్టి ఇక్కడ ఆ చట్టపు సెక్షన్ల సంఖ్యలనే వాడుతున్నాను. రిట్, రిట్ అప్పీలు, సుప్రీంకోర్టు ఇచ్చే ప్రత్యేక అనుమతి అనేవి రాజ్యాంగం నుంచీ హైకోర్టు లెటర్స్ పేటెంట్ (హైకోర్టు అధికారాలను నిర్దేశించిన పాత పత్రం) నుంచీ వచ్చినవి గనుక, కోడ్ వచ్చినంత మాత్రాన వాటి మధ్య ఎంపిక మారదు.

తీర్పు చదివే పద్ధతి

దారి ఎంచుకోవడానికి ముందు తీర్పులో మూడు చోట్లు చూడాలి. మొదటిది పైపేజీ: రిట్ పిటిషన్ రాజ్యాంగంలోని ఆర్టికల్ 226 (రిట్లు జారీ చేసే అధికారం) కింద వేశారా, 227 (కింది కోర్టులపై పర్యవేక్షణాధికారం) కింద వేశారా, రెండూ కలిపి వేశారా? ఈ చిన్న అంకె మీదే రిట్ అప్పీలు ఆధారపడి ఉంటుంది. 226 కింద ఇచ్చిన సింగిల్ జడ్జి తీర్పుపై అదే హైకోర్టులో ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్‌కు అప్పీలు (రిట్ అప్పీలు) ఉంటుంది, 227 కింద పర్యవేక్షణాధికారంతో ఇచ్చిన ఉత్తర్వుపై ఉండదు. రెండు ఆర్టికల్సూ రాసి ఉంటే పైన రాసిన పేరును బట్టి కాక, పిటిషన్‌లోని వాస్తవాలనూ జడ్జి నిజంగా వినియోగించిన అధికారాన్నీ బట్టి నిర్ణయించాలని సుప్రీంకోర్టు ఉమాజీ కేశవ్ మేశ్రామ్ కేసు (1986) నుంచి చెబుతూ వస్తోంది.

రెండవది, జడ్జి అవార్డును ఎందుకు కొట్టివేశారో చెప్పే పేరాలు. సాధారణంగా ఇవి తీర్పు చివరి మూడోవంతులో ఉంటాయి, ఇరుపక్షాల వాదనలను తిరిగి చెప్పిన పేజీలన్నీ దాటాకే అసలు కారణం కనబడుతుంది. మూడవది, ఆ కారణానికి ఆధారంగా చూపిన రికార్డు. మన ఆపరేటరు కేసులో, జడ్జి 'గేటు రిజిస్టరును కార్మికుడు ప్రశ్నించనే లేదు' అని రాశారనుకుందాం. లేబర్ కోర్టు రికార్డులో యాజమాన్యం సాక్షిని ఆ రిజిస్టరు గురించే అడ్డుప్రశ్నలు వేసిన పేజీ ఉంది, ఆ రిజిస్టరే ఎక్జిబిట్ ఎం-7గా మార్కు అయి ఉంది. ఇది ఒక రకం తప్పు. అదే జడ్జి, ఎం-7ను తానే మళ్లీ చదివి, లేబర్ కోర్టు నమ్మని సాక్షిని తాను నమ్మి, సంబంధం రుజువైందని తేల్చారనుకుందాం. అది వేరొక రకం తప్పు. ఈ రెండింటికీ మందు ఒకటే కాదు.

రిట్ అప్పీలు

మొదటి మజిలీగా నేను చాలా కేసుల్లో రిట్ అప్పీలునే సూచిస్తాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులు రెండింటిలోనూ మద్రాసు హైకోర్టు నుంచి వారసత్వంగా వచ్చిన లెటర్స్ పేటెంట్‌లోని 15వ క్లాజు కింద ఈ అప్పీలు వేస్తారు. కాలపరిమితి 30 రోజులు. దీనికి ముందస్తు అనుమతి అక్కరలేదు, అప్పీలు వేయడం పక్షకారుడి హక్కు. సుప్రీంకోర్టులో దొరకనిది ఇక్కడ దొరికేది సమయమే: సాక్ష్యపు పేజీలు తెరిచి చూపించి, పేరా పేరాగా వాదించడానికి డివిజన్ బెంచ్ ముందే ఎక్కువ వీలుంటుంది.

పైన చెప్పిన రెండవ రకం తప్పుకు, అంటే రిట్ కోర్టు సాక్ష్యాన్ని తానే తిరిగి తూచడానికి, సరైన చోటు ఇదే. ట్రిబ్యునల్ తేల్చిన వాస్తవాలను సర్షియోరరీ రిట్‌లో (కింది కోర్టు ఉత్తర్వును రద్దు చేసే రిట్) తిరగదోడరాదని, రికార్డు మీద స్పష్టంగా కనిపించే చట్టపరమైన దోషం ఉన్నప్పుడే జోక్యం చేసుకోవాలని, అయితే ఏ సాక్ష్యమూ లేకుండా చేసిన నిర్ణయాన్ని చట్టపరమైన దోషంగానే లెక్కించాలని సయ్యద్ యాకూబ్ కేసులో (1964) రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆపరేటరు తరఫు వాదన ఈ వాక్యం మీదే నిలబడుతుంది: లేబర్ కోర్టు ఒక సాక్షిని ఎందుకు నమ్మలేదో కారణం చెప్పింది, అది సాధ్యమైన అభిప్రాయమే, దాన్ని మార్చే అధికారం రిట్ కోర్టుకు లేదు.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచిపెట్టడం మంచిది కాదు. ఇదే సూత్రం రెండో వైపు కూడా పదునైనదే. సింగిల్ జడ్జి ఇచ్చిన కారణం కూడా సమంజసమైనదే అయితే, తమకు మరో అభిప్రాయం తోచినంత మాత్రాన డివిజన్ బెంచ్‌లు దాన్ని తేలిగ్గా మార్చవు. కాబట్టి అప్పీలు కారణాల్లో 'తీర్పు న్యాయవిరుద్ధం' వంటి మాటలు పది రాయడం కన్నా, ఏ ఎక్జిబిట్‌ను, ఏ పేజీలో, ఏ అధికారపు హద్దు దాటి చదివారో ఒక్కటి చూపిస్తే ఎక్కువ పని జరుగుతుంది.

రిట్ అప్పీలు దారి అందరికీ ఉండదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌లో ఓడితే, ఎల్. చంద్రకుమార్ తీర్పు (1997) ప్రకారం వారి రిట్‌ను నేరుగా డివిజన్ బెంచే వింటుంది, దానిపై హైకోర్టులో మరో అప్పీలు లేదు. వారికి మిగిలేవి ఇక కింద చెప్పబోయే రివ్యూ, హైకోర్టు సర్టిఫికెట్, ప్రత్యేక అనుమతి మాత్రమే.

రివ్యూ

ఎం-7ను గురించి కార్మికుడు ప్రశ్నించనే లేదన్న మొదటి రకం తప్పుకు రివ్యూ, అంటే అదే కోర్టును తన తీర్పు మళ్లీ చూడమని కోరడం, పనికొస్తుంది, ఎందుకంటే అది వాదనతో పని లేకుండా, రికార్డులో పేజీ తెరిచి చూపిస్తే తేలిపోయే పొరపాటు. తీర్పు సరైనది కాదని వాదించడానికి మాత్రం రివ్యూ పనికిరాదు. రివ్యూకు కూడా 30 రోజులే, వినేది సాధ్యమైనంతవరకు తీర్పు ఇచ్చిన జడ్జే. అటువంటి పొరపాటు తీర్పు ఫలితాన్ని మార్చగలిగితేనే దీనికి దిగాలి.

చాలామంది ఇక్కడే జారిపడతారు. రివ్యూ పెండింగులో ఉందని అప్పీలు గడువు తనంతట తాను ఆగదు. పైగా రివ్యూ కొట్టేశాక సుప్రీంకోర్టుకు వెళ్లేవారు, ఆ కొట్టివేత ఉత్తర్వును మాత్రమే సవాలు చేసి అసలు తీర్పును వదిలేస్తే ఆ పిటిషన్ నిలబడదని బుస్సా ఓవర్సీస్ కేసులో (2016) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రెండు ఉత్తర్వులనూ కలిపి సవాలు చేయాలి, అసలు తీర్పు విషయంలో జరిగిన జాప్యానికి మన్నింపూ కోరాలి.

హైకోర్టు సర్టిఫికెట్

ఆర్టికల్ 133 కింద, కేసులో సాధారణ ప్రాముఖ్యం గల గణనీయమైన చట్టప్రశ్న ఉందని, దాన్ని సుప్రీంకోర్టే తేల్చాలని హైకోర్టు సర్టిఫికెట్ ఇస్తే, సుప్రీంకోర్టులో విడిగా అనుమతి కోరనక్కరలేకుండా అప్పీలు వేయవచ్చు. ఆర్టికల్ 134ఎ ప్రకారం దీన్ని తీర్పు వెలువడిన వెంటనే నోటిమాటగా అడగాలి. కోర్టు హాలు నుంచి బయటికొచ్చి, టీ తాగుతూ ఆలోచించుకున్న తర్వాత అడిగేది కాదు. సింగిల్ జడ్జి తీర్పుపై ఈ దారి లేదు, 133(3) దాన్ని మూసింది. ఒక కార్మికుడి తొలగింపు కేసులో సర్టిఫికెట్ దొరకడం అరుదు, అడగడానికి ఖర్చేమీ లేదు గనుక, నిజంగా కొత్త చట్టప్రశ్న ఉన్నప్పుడు డివిజన్ బెంచ్ ముందు అడిగి చూడడమే మేలు.

ప్రత్యేక అనుమతి

కర్మాగారంలో లీవ్ అంటే క్యాజువల్ లీవే గుర్తొస్తుంది. ఆర్టికల్ 136లో లీవ్ అంటే అప్పీలు వేసుకోవడానికి సుప్రీంకోర్టు ఇచ్చే అనుమతి. స్పెషల్ లీవ్ పిటిషన్, వాడుకలో ఎస్‌ఎల్‌పీ, అప్పీలు కాదు. అప్పీలు వేసుకోనివ్వమని చేసే విన్నపం. అనుమతి మంజూరైన తర్వాతే అది సివిల్ అప్పీలుగా మారుతుంది. నోటీసు జారీ కావడం అనుమతి మంజూరు కావడం కాదని కూడా గుర్తుంచుకోవాలి, నోటీసు వెళ్లాక ఎదుటి పక్షం వాదన విన్న తర్వాత కొట్టివేసిన పిటిషన్లు కొల్లలు.

పారిశ్రామిక ట్రిబ్యునల్ కూడా ఆర్టికల్ 136లోని 'ట్రిబ్యునల్' అన్న మాట కిందికి వస్తుందని భారత్ బ్యాంక్ కేసులో 1950లోనే తేలింది కాబట్టి, సిద్ధాంతరీత్యా అవార్డు మీద నేరుగా కూడా ఎస్‌ఎల్‌పీ వేయవచ్చు. ఆచరణలో ముందు హైకోర్టుకు వెళ్లమనే మాటే ఎదురవుతుంది. రిట్ అప్పీలు అందుబాటులో ఉండగా సింగిల్ జడ్జి తీర్పు మీద నేరుగా ఢిల్లీ వెళ్లినవారికి ఎదురయ్యే అనుభవం కూడా ఇంచుమించు అదే. ఖర్చు మాత్రం అప్పటికే అయిపోయి ఉంటుంది.

పారిశ్రామిక అవార్డుల విషయంలో ఈ అధికారాన్ని ఎప్పుడు వాడతామో బెంగాల్ కెమికల్ కేసులో (1959) సుప్రీంకోర్టు వివరించింది: అధికార పరిధి దాటడం, సహజ న్యాయసూత్రాల ఉల్లంఘన, స్థిరపడిన సూత్రాలకు విరుద్ధంగా వెళ్లి గణనీయమైన అన్యాయం జరగడం వంటి సందర్భాల్లోనే. ఆపరేటరు కేసులో ఎవరిని నమ్మాలన్నదొక్కటే ప్రశ్న అయితే అది ఈ వాకిలిలో పట్టదు. విచారణాధికారి నివేదిక ప్రతిని అతనికి ఇవ్వకుండానే తొలగించారనుకోండి, అప్పుడు చట్టప్రశ్న కనిపిస్తుంది. హైదరాబాదులోని ఈసీఐఎల్‌కు చెందిన బి. కరుణాకర్ కేసులో (1993) రాజ్యాంగ ధర్మాసనం ఆ ప్రతిని పొందడం ఉద్యోగి హక్కని చెప్పింది. అయితే ప్రతి ఇవ్వనంత మాత్రాన తొలగింపు దానంతటదే చెల్లకుండా పోదని, దానివల్ల ఉద్యోగికి నష్టం జరిగిందా అన్నది చూడాలని కూడా అదే తీర్పులో ఉంది. సగం మాత్రమే ఉదహరిస్తే ఎదుటి న్యాయవాది మిగతా సగం చదివి వినిపిస్తారు.

పిటిషన్‌లో అందరికన్నా ముందు చదివేది సారాంశమూ తేదీల పట్టికే. వినికిడి కొన్ని నిమిషాల్లో ముగిసిపోయే చోట, ఒక్క పేజీలో ఒక్క ప్రశ్నను నిలబెట్టలేని సారాంశం ఎంత పెద్ద న్యాయవాదినైనా కాపాడలేదు. కింది కోర్టుల్లో లేని వాస్తవాలను కొత్తగా చేర్చడం కుదరదు, పిటిషన్ కింది కోర్టుల రికార్డుకే పరిమితమని ధ్రువీకరణ కూడా ఇవ్వాలి. లేబర్ కోర్టులో అడగని ప్రశ్న సుప్రీంకోర్టులో పుట్టదు.

ఎస్‌ఎల్‌పీని కారణాలు చెప్పకుండా కొట్టివేస్తే ఏమవుతుందన్న దానిపై అపోహలెక్కువ. అలాంటి కొట్టివేతతో హైకోర్టు తీర్పు సుప్రీంకోర్టు ఉత్తర్వులో విలీనం కాదని, హైకోర్టులో రివ్యూ కోరే అవకాశం చట్టరీత్యా మిగిలే ఉంటుందని కున్హాయమ్మద్ కేసు (2000) చెప్పింది, ఖోడే డిస్టిలరీస్ కేసు (2019) దాన్ని తిరిగి ఖాయం చేసింది. అనుమతి మంజూరై అప్పీలు విన్న తర్వాత ఓడితే మాత్రం ఆ తలుపు మూసుకుపోతుంది. అలాగే, మళ్లీ వేసుకునే స్వేచ్ఛ కోరకుండా ఎస్‌ఎల్‌పీని ఉపసంహరించుకున్నవారు అదే తీర్పుపై రెండోసారి రాలేరు. బెంచ్ సుముఖంగా లేదని గ్రహించి 'ఉపసంహరించుకుంటాం' అన్నప్పుడు, ఏ స్వేచ్ఛతో అన్న మాట ఉత్తర్వులో నమోదైందో లేదో అక్కడికక్కడే చూసుకోవాలి.

గడువు లెక్క

ఎస్‌ఎల్‌పీకి హైకోర్టు తీర్పు తేదీ నుంచి 90 రోజులు, సర్టిఫికెట్ నిరాకరించిన ఉత్తర్వు నుంచి అయితే 60 రోజులు. సర్టిఫైడ్ కాపీ పొందడానికి అవసరమైన కాలాన్ని తీసివేస్తారు. కాపీ మీద వేసే ముద్రలో దరఖాస్తు చేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, చేతికి అందిన తేదీ వేరువేరుగా ఉంటాయి, లెక్కకు వచ్చేది సిద్ధమైన తేదీయే. తీర్పు మార్చి 2న వచ్చి, కాపీకి మార్చి 10న దరఖాస్తు చేస్తే, మార్చి 25న సిద్ధమైందనుకుందాం. రెండు తేదీలూ కలుపుకుని 16 రోజులు మినహాయింపు. రిట్ అప్పీలు గడువు ఏప్రిల్ 1 నుంచి ఏప్రిల్ 17కు, ఎస్‌ఎల్‌పీ గడువు మే 31 నుంచి జూన్ 16కు జరుగుతుంది. గుమాస్తా తీరిక చూసుకుని ఏప్రిల్ 10న కాపీ తెచ్చుకున్నా, ఆ అదనపు రోజులు ఎవరూ ఇవ్వరు.

జాప్యాన్ని మన్నించమని కోరవచ్చు నిజమే. కానీ ఎస్‌ఎల్‌పీలో జాప్యపు పిటిషన్ ముందుండి, అసలు విషయం దాని వెనుక నక్కి ఉంటే, ఉన్న కొద్ది నిమిషాల్లో సగం క్షమాపణకే పోతాయి.

యాజమాన్యం ఓడినప్పుడు

ఇంతవరకు కార్మికుడి వైపు నుంచి చూశాం. అవార్డు హైకోర్టులో నిలబడి, యాజమాన్యం అప్పీలుకు వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తుంటే లెక్క మారిపోతుంది, మార్చేది 17బి సెక్షన్. తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలన్న అవార్డుపై యాజమాన్యం హైకోర్టులో గానీ సుప్రీంకోర్టులో గానీ కేసు నడిపినంత కాలం, తాను మరెక్కడా పనిచేయడం లేదని కార్మికుడు అఫిడవిట్ ఇస్తే, చివరగా అందుకున్న జీతాన్ని నెలనెలా చెల్లించాలి. 'చివరగా అందుకున్న జీతం' అంటే తొలగించిన నాటి జీతమే, తర్వాత పెరిగి ఉండే జీతం కాదని డెనా బ్యాంక్ కేసులో (1999) తేలింది. హైకోర్టు తన రిట్ అధికారంతో అంతకన్నా ఎక్కువ ఇప్పించవచ్చని కూడా ఆ తీర్పే చెప్పింది. ఇది జీవనాధారం కోసం ఇచ్చే మొత్తం కాబట్టి, చివరికి యాజమాన్యం గెలిచినా తిరిగి రాదు. నాలుగేళ్లు నడిచే అప్పీలు అంటే పని తీసుకోకుండా నలభై ఎనిమిది నెలల జీతం.

ఇదే కారణంగా, కార్మికుడు ఓడి అప్పీలు వేసినప్పుడు 17బి అతనికి అండగా నిలవదు. ఆ సెక్షన్ యాజమాన్యం వేసే కేసులకు సంబంధించినది. ఈ తేడా రాజీ చర్చల్లో ఎవరి చేయి పైన ఉంటుందో నిర్ణయిస్తుంది.

యాజమాన్యం వెనుక జీతం మీద మాత్రమే పైకి వెళ్లాలనుకుంటే మరొక ఆటంకం ఉంది. తొలగింపు చెల్లదని తేలాక వెనుక జీతం ఇవ్వడమే సాధారణ నియమమని, ఉద్యోగి తనకు వేరే సంపాదన లేదని చెప్పిన తర్వాత ఉందని రుజువు చేసే భారం యాజమాన్యానిదేనని దీపాలి గుండు సుర్వాసే తీర్పు (2013) అంటుంది. లేబర్ కోర్టులో ఆ రుజువు పెట్టని యాజమాన్యానికి ఢిల్లీ ఖర్చు దండగ. దినసరి కూలీగా పనిచేసినవారి విషయంలో మాత్రం, 25ఎఫ్ (నోటీసు, పరిహారం ఇవ్వకుండా తొలగించరాదన్న సెక్షన్) ఉల్లంఘన ఒక్కటే కారణమైనప్పుడు, ఉద్యోగానికి బదులు పరిహారం ఇప్పించే ధోరణి జగబీర్ సింగ్ కేసు (2009) నుంచి బలపడింది, అక్కడ అప్పీలుకు కాస్త పస ఉంటుంది.

ఎవరికి ఏది

ఆపరేటరు వచ్చి అడిగితే నేను చెప్పేది ఇది. జడ్జి సాక్ష్యాన్ని తిరిగి తూచి ఉంటే 30 రోజుల్లో రిట్ అప్పీలు వేయాలి. రికార్డులో ఉన్నదాన్ని లేదని రాసి ఉంటే రివ్యూ వేస్తూనే, అప్పీలు కాగితాలు సిద్ధం చేసుకోవాలి. డివిజన్ బెంచ్‌లోనూ ఓడి, అతని కేసు దాటి ఇతర కార్మికులకూ వర్తించే చట్టప్రశ్న మిగిలితేనే ఎస్‌ఎల్‌పీ. పదవీ విరమణకు రెండేళ్లే ఉండి, రెండు కోర్టుల్లో ఒకటి ఇటు, ఒకటి అటు తీర్పిచ్చిన కేసులో, అప్పీలు వేసి నంబరు పడిన రోజునే పరిహారం మాట ఎత్తడం నామోషీ కాదు. ఉద్యోగం కావాలా, ఆ ఉద్యోగం పోవడానికి తగిన డబ్బు కావాలా అన్నది న్యాయవాది తేల్చేది కాదు, ఇంట్లో కూర్చుని కార్మికుడూ కుటుంబమూ తేల్చుకోవలసినది.

గెలిచినవారు చేయవలసిన పని ఒకటే: కేవియట్, అంటే తమకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని పైకోర్టుకు ముందే చేసే విన్నపం, వేసుకోవడం. అది 90 రోజులు పనిచేస్తుంది, ఎదుటివారు వెళ్లి తమ వెనకాల స్టే తెచ్చుకోకుండా ఆపుతుంది.

ఖర్చు భయంతో ఆగిపోయేవారికి మరొక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది యూనియన్ ఆఫీసుల్లో కూడా అందరికీ తెలియదు. న్యాయ సేవా సాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ పారిశ్రామిక కార్మికుడిని విడిగా పేర్కొంది. అతని ఆదాయం ఎంతన్నది చూడరు, కేసులో ప్రాథమికంగా పస ఉందా అన్నదే చూస్తారు. హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ న్యాయ సేవా కమిటీలు ఉన్నాయి, న్యాయవాదిని అవే కేటాయిస్తాయి. దరఖాస్తుతో పాటు తీర్పుల ప్రతులు, అవార్డు, చార్జిషీటు, విచారణ నివేదిక పంపాలి. వీటిలో తెలుగులో ఉన్నవాటిని సుప్రీంకోర్టు కోసం ఇంగ్లీషులోకి అనువదించాలి, ఆ పనికి పట్టే వారం పది రోజులను 90 రోజుల లెక్కలో ముందే వేసుకోవాలి.